తప్పును కనిపెట్టే యంత్రాలు

(యంత్రం పని చేయడం మనకు తెలుసు. తన పనిలో లోపం వస్తే అది ఎలా గుర్తిస్తుంది? మనకు ఎలా తెలుపుతుంది? ఈ పాఠంలో తెలుసుకొందాం.)

సోలాపూరులోని కుంఠా నాకా నేతపనివారి పేట. మరమగ్గాల చప్పుడు అక్కడివారి చెవులకు అలవాటే. ఆ చప్పుడును ఎవరూ పట్టించుకోరు. కాని తన మగ్గం ఉన్నట్టుండి ఆగితే నేతగాడు వెంటనే తల తిప్పి చూస్తాడు. ఎక్కడో నూలు తెగిందని గ్రహిస్తాడు. అతనికి ఆ సంగతి ఎవరు చెప్పారు? మగ్గమే చెప్పింది!

నాడె అంచుకు చేరినప్పుడు పేక నూలు ఉన్నదా లేదా అని ఒక చిన్న లోహపు ముల్లు తడిమి చూస్తుంది. నూలు ఉంటే అది ముల్లును కదిలించి కొక్కేనికి అందకుండా తప్పిస్తుంది. నూలు లేకపోతే ముల్లు తోక కొక్కేనికి తగులుకొని మగ్గం ఆగుతుంది. కొన్ని మగ్గాలలో పడుగుకూ ఇలాంటి కాపలా ఉంటుంది. ఒక్కొక్క పోగుకు ఒక్కొక్క పలుచని లోహపు రేకు వేలాడుతుంది. పోగు తెగితే రేకు కిందికి జారుతుంది; మగ్గం నిలిచిపోతుంది. ఈ ఏర్పాటు లేకపోతే మగ్గం తెగిన పోగుతోనే నేస్తూ పోతుంది. దుప్పటి పొడవునా లోపం కనిపిస్తుంది. పడ్డ కష్టానికి తగిన కూలి దక్కదు.

జపాను దేశస్థుడైన సకిచి టొయోడా ఈ విషయం మీద ఎంతో కృషి చేశాడు. 1924లో అతడు పూర్తి చేసిన స్వయంచాలక మగ్గం పోగు తెగితే తానే ఆగేది. 1929లో ఇంగ్లండుకు చెందిన ప్లాట్ సోదరుల కంపెనీ ఈ మగ్గంపై హక్కులు కొన్నది. సకిచి కుమారుడు కిఇచిరో మోటారు వాహనాల తయారీకి పూనుకొన్నాడు. 1937లో టొయోటా మోటారు కంపెనీ ఏర్పడింది. మగ్గాలు చేసిన ఇంటినుండే కార్లు వచ్చాయన్నమాట!

ఇప్పుడు రోడ్డు మీదికి వద్దాం. మనలో చాలామంది సోలాపూరు నుండి హైదరాబాదుకు బస్సులో వెళ్లి ఉంటారు. కొన్ని బస్సులలో ఉక్కు కమాను కట్టలకు బదులు ఇరుసుల మీద రబ్బరు గాలితిత్తులు ఉంటాయి. కంప్రెసర్ గాలిని అదిమి ఒక తొట్టిలో నింపుతుంది. ప్రయాణికులు ఎక్కితే బస్సు కొంచెం కిందికి దిగుతుంది. అప్పుడు ఇరుసుకూ బస్సు చట్రానికీ మధ్య ఉన్న మీట కదిలి కవాటాన్ని తెరుస్తుంది. తిత్తులలోకి గాలి చేరి బస్సు మళ్లీ పూర్వపు ఎత్తుకు వస్తుంది. ప్రయాణికులు దిగితే ఎక్కువైన గాలి బయటికి పోతుంది.

కొత్త తరహా వాహనాలలో ఈ పనిని సెన్సర్లు, ఒక చిన్న కంప్యూటరు చూసుకొంటాయి. సెన్సరు ఎత్తును కొలిచి వార్త పంపుతుంది. తీగ తెగి వార్త రాకపోయినా, నమ్మదగని వార్త వచ్చినా కంప్యూటరు లోపమని గుర్తిస్తుంది. గాలి పంపమని తాను ఆజ్ఞ ఇచ్చాక కొంతసేపటికి కూడా బస్సు ఎత్తు పెరగకపోతే ఎక్కడో గాలి కారుతున్నదనో, కవాటం పట్టుకొన్నదనో అనుమానిస్తుంది. వెంటనే డ్రైవరు ముందు హెచ్చరిక దీపం వెలిగిస్తుంది. లోపం తీరును ఒక సంకేతంగా గుర్తుంచుకొంటుంది. మరమ్మతు చేసేవాడు ఆ సంకేతాన్ని చదివి వెతకవలసిన చోటును తెలుసుకొంటాడు. లోపం పెద్దదైతే కంప్యూటరు ఎత్తు సరిచేసే పనిని ఆపివేస్తుంది. కొన్ని కార్లలో కంప్రెసర్ ఎక్కువసేపు నడిచి వేడెక్కితే దానిని కూడా ఆపుతుంది.

బస్సు బ్రేకులకు కూడా గాలి కావాలి కదా! తిత్తి చినిగితే బ్రేకుల గాలి కూడా పోకుండా ప్రత్యేక కవాటం అడ్డుకొంటుంది. ఒకచోటి నష్టం మరొకచోటికి పాకకుండా చూడడం కూడా రక్షణలో భాగమే.

అయితే యంత్రం చేయగలిగింది ఇంతవరకే. తెగిన పోగును ముడివేసేది మనిషి చేయి. దీపం వెలిగినప్పుడు వేగం తగ్గించి, బస్సును సురక్షితమైన చోట ఆపి చూడవలసింది డ్రైవరు. “ఇంకో నాలుగు మైళ్లే కదా” అని దీపాన్ని లెక్కచేయకపోతే దానివల్ల ప్రయోజనమేమి? మాటిమాటికీ మగ్గం ఆగుతున్నదని విసిగి రేకులను కట్టివేస్తే మగ్గం ఆగదు; కాని బట్ట చెడుతుంది. ఆగిన యంత్రం మనకు శత్రువు కాదు. నష్టం చిన్నదిగా ఉన్నప్పుడే మనల్ని పిలిచే నేస్తం అది.

కఠిన పదాలు
పడుగు = బట్టలో నిలువు పోగులు
పేక = బట్టలో అడ్డపోగు
కవాటం = గాలిని, నీటిని వదిలే లేక ఆపే తలుపు
స్వయంచాలకం = తనంతట తాను పనిచేసేది

ప్రశ్నలు
1. పేక నూలు తెగినట్లు మగ్గం ఎలా తెలుసుకొంటుంది?
2. గాలి కారుతున్నదని కంప్యూటరు ఎలా అనుమానిస్తుంది?
3. “ఆగిన యంత్రం మనకు శత్రువు కాదు” – ఈ మాటను ఉదాహరణలతో సమర్థించండి.
4. మీ ఇంటిలో లేక పేటలో లోపాన్ని తెలిపే మరొక యంత్రాన్ని గమనించి ఐదు వాక్యాలు రాయండి.