సిల్చెస్టర్ పెంకులు: ఆరో తరగతి సోషల్ ప్రాజెక్ట్ గురించి



ఈ నెల ఆరో తరగతి సోషల్‌లో చరిత్రకు ఆధారాలు అనే పాఠం నడుస్తోంది. దానికి తోడుగా పిల్లలతో ఒక పని చేయిస్తున్నాం. పగిలిన పెంకు ముక్కల్ని, ఇటుక ముక్కల్ని రకాలుగా విడదీసి, లెక్కపెట్టి, తూచి, పట్టికలో రాయాలి. ఇలాంటి పని ఇచ్చినప్పుడల్లా మీలో చాలామంది అడిగే మాట ఒకటే: "ఇది పరీక్షలో వస్తుందా మేడమ్?" రాదు. పెంకుల మీద ప్రశ్న ఏమీ రాదు. అయినా రెండు పీరియడ్లు దీనికి ఎందుకిచ్చామో చెప్పాలంటే, క్లాసులో నేను చెబుతున్న ఊరి గురించి మీకూ చెప్పాలి.

ఇంగ్లండ్‌లో హాంప్‌షైర్ అనే జిల్లా ఉంది. అక్కడ సిల్చెస్టర్ అనే పల్లె పక్కన పొలాల కింద రోమన్ల కాలపు పట్నం ఒకటి ఉంది. దాని పేరు కల్లేవా అట్రెబాటం. లండన్‌లాంటి చోట్ల రోమన్ పట్నం మీదే కొత్త పట్నం లేచింది. ఇక్కడ లేవలేదు. చెకుముకి రాళ్లతో కట్టిన ప్రహరీ ఇప్పటికీ నిలబడి ఉంది, లోపలంతా పచ్చిక. 1890 నుంచి 1909 దాకా సొసైటీ ఆఫ్ యాంటిక్వరీస్ వాళ్లు తవ్వారు. 1997 నుంచి రీడింగ్ యూనివర్సిటీ వాళ్లు మళ్లీ తవ్వారు. ఇలాంటి రోమన్ పట్నంలో ఎక్కడ తవ్వినా గంపలకొద్దీ బయటపడేవి కాల్చిన మట్టి పెంకులు, ఇటుకలే.

రోమన్ల కప్పుకి రెండు రకాల పెంకులు కావాలి. ఒకటి బల్లపరుపుగా ఉండి రెండు పక్కలా అంచు లేచి ఉంటుంది, దాన్ని టెగ్యులా అంటారు. రెండోది ఇంబ్రెక్స్, అచ్చం మన గూనపెంకులా వంపు తిరిగి ఉంటుంది. రెండు టెగ్యులాల అంచులు కలిసే చోట వాన నీరు దిగకుండా దీన్ని బోర్లిస్తారు. ఇక చలి దేశం కాబట్టి స్నానశాలల్లో, ఉన్నవాళ్ల ఇళ్లలో నేల కిందనుంచి వేడి పంపేవారు. సుమారు 20 సెంటీమీటర్ల చదరపు ఇటుకల్ని ఒకదానిమీద ఒకటి పేర్చి పొట్టి స్తంభాలు కట్టి, వాటి మీద 59 సెంటీమీటర్ల పెద్ద పలకలు పరిచి, ఆ పైన గచ్చు చేసేవారు. బయట పొయ్యిలో మంట పెడితే వేడిగాలి ఆ స్తంభాల మధ్య నుంచి పోయి, గోడల్లో అమర్చిన బోలు పెట్టె పెంకుల గుండా పైకి లేస్తుంది. పూత బాగా పట్టడానికి ఆ పెట్టె పెంకుల మీద దువ్వెనలాంటి దానితో గీతలు గీసేవారు.

అందుకే అరచేయంత ముక్క దొరికినా చాలు. లేచిన అంచుంటే టెగ్యులా, వంపుంటే ఇంబ్రెక్స్, ఒకవైపు దువ్వెన గీతలూ లోపలివైపు మసీ ఉంటే పెట్టె పెంకు. గోడల రాళ్లన్నీ ఎవరో ఎత్తుకుపోయినా సరే, ఒకే చోట పెట్టె పెంకు ముక్కలు కుప్పగా ఉంటే దగ్గర్లో వేడి గది ఉండేదని అనుకోవచ్చు. లెక్కపెట్టడంతో ఆగకుండా తూచడం ఎందుకో పిల్లల్నే అడగండి. ఒక పెంకు మూడు ముక్కలు కావచ్చు, ముప్ఫై కావచ్చు. బరువు మాత్రం మారదు.

పాతకాలం తవ్వకాల్లో రాత, గుర్తు ఉన్న ముక్కల్ని దాచి, మామూలువాటిని పారబోసేవారు. నా దృష్టిలో అది పెద్ద నష్టం. కప్పు ఎంత ఉండేదో చెప్పేది ఆ మామూలు ముక్కల బరువే కదా.

అలాగని గుర్తులున్న ముక్కలు తక్కువేం కాదు. పెంకుల్ని కాల్చేముందు నేల మీద ఆరబెట్టేవారు, ఆ పచ్చి మట్టి మీద కుక్కలు నడిచాయి, వాటి పాదాలు ఇప్పటికీ ఉన్నాయి. పిల్లలకు ఎక్కువ నచ్చేవి ఇవే. కొన్నిటి మీద రాతలున్నాయి. ఒక పెట్టె పెంకు మీద దీన్ని చేసింది క్లెమెంటినస్ అని ఉంది. ఒకదాని మీద 'చాలు' అనే అర్థం వచ్చే ఒక్క లాటిన్ మాట. ఇంకోదాని మీద కొన్ని పేర్లు, వాటి కింద వర్జిల్ రాసిన ఈనియడ్ కావ్యంలోని రెండు మాటలు. ఎవరో రాత నేర్చుకుంటున్నట్టుంది! లండన్‌లో దొరికిన పెంకు మరీ సరదాగా ఉంటుంది. ఆస్టాలిస్ అనేవాడు పదమూడు రోజులుగా రోజూ తన దారిన తాను తిరుగుతున్నాడని దాని మీద ఎవరో ఫిర్యాదు రాశారు. మా అటెండెన్స్ రిజిస్టర్ గుర్తొస్తుంది.

ఈ రాతలు చూసి హావర్‌ఫీల్డ్ అనే చరిత్రకారుడు, సిల్చెస్టర్‌లో కూలీలకు కూడా లాటిన్ వచ్చని అన్నారు. బట్టీలో ఒకరిద్దరు రాస్తే అందరికీ వచ్చినట్టేనా? క్లాసులో ఈ ప్రశ్న పెడతాను. జవాబు పుస్తకంలో లేదు.

ఇంకో ప్రశ్న దీనికన్నా గట్టిది. సిల్చెస్టర్‌లో నీరో చక్రవర్తి పేరు అచ్చువేసిన పెంకులు దొరికాయి. కొద్ది కిలోమీటర్ల దూరంలోని లిటిల్ లండన్ అనే చోట, వీటిని కాల్చిన బట్టీ దగ్గర కూడా దొరికాయి. నీరో పాలించింది సామాన్య శకం 54 నుంచి 68 వరకు. కాబట్టి ఆ పెంకు ఉన్న గోడ కూడా అప్పటిదేనని పిల్లలు టక్కున అనేస్తారు. మన ఊళ్లలో పాత పెంకుటిల్లు విప్పి ఆ పెంకులే పశువుల కొట్టం మీద కప్పుకోరా? ఇల్లు తాతగారిదే, కొట్టం నిన్నటిది. రోమన్లూ పాత పెంకుల్ని మళ్లీ గోడల్లో వాడారు. అందుకని నీరో అచ్చు చూసి మనం చెప్పగలిగింది ఒక్కటే: ఆ గోడ నీరో కాలానికి ముందుది కాదు. తర్వాత ఎప్పటిదైనా కావచ్చు. ఎంతవరకు చెప్పగలమో అంతవరకే చెప్పి ఆగడం పదకొండేళ్ల పిల్లలకు చాలా కష్టం. రెండు పీరియడ్లూ దీనికోసమే.

ఇప్పుడు మీరు చేయాల్సింది. పిల్లలతో నాలుగైదు ముక్కలు పంపండి. ఇల్లు రిపేరు చేసినచోటివి, ఊళ్లో అమ్మమ్మగారింటి దొడ్లోవి, ఏవైనా పర్వాలేదు. కొనొద్దు. సిమెంటు రేకుల ముక్కలు వద్దు, వాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం. పాత గుళ్లు, కోటలు, తవ్వకాలు జరిగిన చోట్ల నుంచి ఒక్క ముక్క కూడా తీయకండి. ప్రతి ముక్కనూ కాగితంలో చుట్టి, ఎక్కడ దొరికిందో, ఏ రోజు దొరికిందో చీటీ మీద రాసి పెట్టాలి. ఆ చీటీ మీ అబ్బాయి లేదా అమ్మాయి చేత్తోనే రాయించండి.