సున్నపు తేట

గోదావరి తీరమందలి చెన్నూరులో గోడలకు పూయు సున్నమును ఎరుగని బాలుడుండడు. దానిని నీటిలో బాగుగా కలిపి, మూతవేసి, మరునాడు వడపోసిన తేట మంచినీటివలె కనబడును. అందు సున్నమెంత కరిగినదో కన్ను చెప్పలేదు, కొలత చెప్పును.

ఆ తేటను 25 ఘనసెంటీమీటర్లు కుప్పెలో పోసి, రెండు చుక్కలు ఫినాఫ్తలీన్ వేయగా గులాబిరంగు వచ్చును. బ్యూరెట్టునుండి దశాంశ నార్మల్ హైడ్రోక్లోరికామ్లమును బొట్టుబొట్టుగా విడువవలెను. సుమారు 11.5 ఘనసెంటీమీటర్లకు రంగు పోవును. ఈ ఆమ్లము ఒక ఘనసెంటీమీటరు 0.0037 గ్రాముల సున్నమును తటస్థపరచును. కావున ఆ తేటలో రమారమి 0.0425 గ్రాములు, లీటరులో 1.7 గ్రాములు సున్నము కరిగినదని తేలును.

ఆమ్లము మించిపోయినను కుప్పెలోని నీరు తేటగనే యుండును, చూచువారికి తెలియదు. మీకు తెలియును. అట్టియెడ పుస్తకములోని అంకెను వ్రాసికొనక, మరల మొదటినుండి కొలువుడు.