ఎల్స్‌మియర్ మంచు పర్వతాలు – ఒక భూగోళ పాఠం



మన స్టడీ అవర్ గదిలో గోడకు వేలాడే ప్రపంచ పటం చాలామందికి గుర్తుండే ఉంటుంది. దాని పై అంచును చెదలు తినేశాయి. కెనడా పైభాగమంతా పోయింది. అందుకే ఎల్స్‌మియర్ అనే దీవి ఒకటుందని పీజీలో చేరేదాకా నాకు తెలియదు. మొదటి సెమిస్టర్‌లో ఒక పరీక్షలో "ఎల్స్‌మియర్ పర్వతాల మీద అంత మంచు ఎందుకుంది?" అని అడిగారు. "అక్కడ మంచు విపరీతంగా కురుస్తుంది కాబట్టి" అని రాశాను. సున్నా వచ్చింది. ఇంట్లో ఎవరినైనా అడుగుదామంటే, మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనే. లైబ్రరీలో కూర్చుని తెలుసుకున్న జవాబును మీతో పంచుకుంటున్నాను.

ఎక్కడ ఉంది?

కెనడాకు ఉత్తరపు కొసన, నునావుట్ ప్రాంతంలో ఎల్స్‌మియర్ దీవి ఉంది. వైశాల్యం సుమారు 1,96,000 చదరపు కిలోమీటర్లు. అంటే నేటి ఆంధ్రప్రదేశ్ కన్నా పెద్దది. ఇక్కడి అలర్ట్ అనే స్థావరం నుంచి ఉత్తర ధ్రువం సుమారు 800 కిలోమీటర్లే. దీవి ఉత్తర భాగంలో ఛాలెంజర్, బ్రిటిష్ ఎంపైర్, యునైటెడ్ స్టేట్స్ అనే పర్వత పంక్తులున్నాయి. అన్నిటికన్నా ఎత్తయినది బార్బో శిఖరం, 2,616 మీటర్లు. 1967లోగానీ దానిని ఎవరూ ఎక్కలేదు. కొండలు చాలావరకు మంచులో మునిగి, కొనలు మాత్రమే బయటికి కనిపిస్తాయి. అలాంటి కొనలను 'నునటాక్' అంటారు. ఇది ఇన్యూయిట్ ప్రజల భాష నుంచి వచ్చిన మాట. దీవిలో దాదాపు 40 శాతం నేల మంచు కిందే ఉంది.

అసలు విషయం

ఇక్కడి యురేకా వాతావరణ కేంద్రంలో వాన, మంచు అన్నీ కలిపినా ఏడాదికి 100 మిల్లీమీటర్ల లోపే. కరవు జిల్లాగా పేరుపడ్డ అనంతపురంలో సగటున 500 మిల్లీమీటర్లకు పైగా కురుస్తుంది. అంటే ఎల్స్‌మియర్ ఒక ఎడారి. ధ్రువ ఎడారి. మరి అంత మంచు ఎక్కడిది?

మన మెస్ స్టాక్ రిజిస్టర్ గుర్తు తెచ్చుకోండి. పాత నిల్వ, వచ్చినది, వాడినది, మిగిలినది – నాలుగు గడులు. నిల్వ పెరగాలంటే బియ్యం ఎక్కువ రావాలనే నియమం లేదు. వచ్చినదానికన్నా వాడినది తక్కువైతే చాలు. హిమానీనదం లెక్క కూడా అంతే. శీతాకాలంలో కురిసినది జమ, వేసవిలో కరిగినది ఖర్చు. యురేకాలో ఫిబ్రవరి సగటు ఉష్ణోగ్రత సుమారు మైనస్ 37 డిగ్రీలు, జూలైలో కూడా 6 డిగ్రీలే. ఇక కొండల మీద ఇంకా చలి. జమ కొంచెమే, ఖర్చు అంతకన్నా కొంచెం. అలా వేల సంవత్సరాలు మిగిలిన మంచు పొరలు పొరలుగా అణిగి గట్టిపడి, తన బరువుకు తానే నెమ్మదిగా పల్లానికి జారుతుంది. అదే హిమానీనదం. అది కోసిన యు ఆకారపు లోయల్లోకి సముద్రం చేరితే ఫియర్డ్‌లు ఏర్పడతాయి.

ఈ రిజిస్టర్ రాసేవాళ్లు నిజంగానే ఉన్నారు. మంచులో కర్రలు దిగేసి, ఏటా ఎంత పొడవు బయటపడిందో కొలుస్తారు. పక్కనున్న ఆక్సెల్ హైబర్గ్ దీవిలో, వైట్ హిమానీనదం మీద ఈ లెక్క 1960 నుంచి సాగుతోంది.

నిల్వ తరుగుతోంది

జమ తక్కువున్న చోట ఖర్చు కాస్త పెరిగినా తట్టుకోలేదు. వేసవి కొంచెం వేడెక్కితే చాలు. 2005 ఆగస్టులో 66 చదరపు కిలోమీటర్ల ఐల్స్ ఐస్ షెల్ఫ్ తీరం నుంచి మొత్తంగా విడిపోయింది. 2020 జూలైలో మిల్న్ ఐస్ షెల్ఫ్ దాదాపు 40 శాతం కోల్పోయింది. ఇవి నీటిలో తేలే మంచు. విరిగినంత మాత్రాన సముద్ర మట్టం పెరగదు. కానీ నేల మీది మంచు కరిగి చేరితే పెరుగుతుంది.

1982లో మార్క్ సెరీజ్ అనే పరిశోధక విద్యార్థి ఇక్కడి హేజెన్ పీఠభూమి మీద రెండు చిన్న మంచు టోపీలను కొలవడానికి వెళ్లారు. 2020 ఉపగ్రహ చిత్రాల్లో అవి లేవు. చదువుకునే వయసులో తాను నడిచిన మంచు పూర్తిగా మాయమవడం ఆయన తన ఉద్యోగ కాలంలోనే చూశారు.

మనుషులు

1953లో కెనడా ప్రభుత్వం ఉత్తర క్యుబెక్ నుంచి ఇన్యూయిట్ కుటుంబాలను ఈ దీవి దక్షిణ తీరానికి తరలించింది. అలవాటు లేని చలిలో, నెలల తరబడి చీకట్లో వారు పడిన కష్టాలకు 2010లో క్షమాపణ చెప్పింది. ఆ ఊరిని పటాల్లో గ్రైస్ ఫియర్డ్ అంటారు. అక్కడివారు పెట్టుకున్న పేరుకు అర్థం 'ఎప్పుడూ కరగని చోటు'. తమ్ముళ్లూ, పటంలో పేరు చదివినప్పుడు అది ఎవరు పెట్టారో కూడా అడగండి.

గుర్తుంచుకోవలసినవి

1. ఎల్స్‌మియర్ మంచుకు కారణం ఎక్కువ కురవడం కాదు, తక్కువ కరగడం.
2. ఎత్తయిన శిఖరం బార్బో, 2,616 మీటర్లు.
3. నునావుట్ 1999 ఏప్రిల్ 1న ఏర్పడింది.
4. ఆర్కిటిక్‌లో మన దేశ పరిశోధన కేంద్రం 'హిమాద్రి' ఎల్స్‌మియర్‌లో కాదు, నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్‌లో ఉంది. 2008లో ప్రారంభమైంది.

ఈ వార్షికోత్సవానికి మా బ్యాచ్ తరఫున స్టడీ అవర్ గదికి కొత్త ప్రపంచ పటం ఇస్తున్నాం. ముందు పై అంచు చూడండి. చెదలు పట్టకుండా చూసుకునే బాధ్యత మీదే.