పోడు భూమి హక్కుకు ఉపగ్రహ చిత్రం సాక్ష్యమవుతుందా?

ప్రశ్న: తరతరాలుగా సాగు చేస్తున్న పోడు భూమిపై హక్కు నిరూపించుకోవడానికి గిరిజనులకు సాంకేతిక పరిజ్ఞానం ఎలా ఉపయోగపడుతుంది?
– ఒక పాఠకుడు, తిరుమలగిరి (సాగర్), నల్లగొండ జిల్లా

జవాబు: 2006 నాటి అటవీ హక్కుల చట్టం ప్రకారం, జీవనోపాధికి అడవిపై ఆధారపడి, 2005 డిసెంబరు 13కు ముందు నుంచి అటవీ భూమిని సాగు చేస్తున్న షెడ్యూల్డు తెగల కుటుంబానికి, వాస్తవంగా సాగులో ఉన్న మేరకు, 4 హెక్టార్లకు మించకుండా హక్కు లభిస్తుంది. కనుక భూమి ఎక్కడ ఉందో, ఎప్పటి నుంచి సాగులో ఉందో నిరూపించవలసి ఉంటుంది.

మొదటిదానికి జీపీఎస్, అంటే ఉపగ్రహ సంకేతాలతో ఒక చోటి అక్షాంశ రేఖాంశాలను తెలిపే పరికరం, ఉపకరిస్తుంది. దానిని పట్టుకొని గట్ల వెంట నడిస్తే హద్దులు, విస్తీర్ణం పటంపైకి ఎక్కుతాయి. రెండవదానికి 2005కు ముందటి ఉపగ్రహ చిత్రాలు తోడ్పడతాయి. అయితే భారతీయ ఉపగ్రహాల లిస్-3 కెమెరా చిత్రంలో ఒక్కో చుక్క నేలపై సుమారు 23.5 మీటర్ల భుజం గల చదరానికి సమానం కనుక, చెట్ల మధ్యనున్న చిన్న చెలక అందులో అడవిగానే కనిపించవచ్చు.

అందుకే 2012లో సవరించిన నియమాలు ఉపగ్రహ చిత్రం ఇతర సాక్ష్యాలకు అనుబంధమే తప్ప వాటికి ప్రత్యామ్నాయం కాదని స్పష్టం చేశాయి. పెద్దల లిఖిత వాంగ్మూలాలు, గట్లు, బావులు, సమాధులు కూడా సాక్ష్యాలే. చిత్రంలో కనిపించలేదన్న ఒక్క కారణంతో పేదవాని దరఖాస్తును తోసిపుచ్చడం చట్టం ఆశయానికే విరుద్ధం. దరఖాస్తుపై గ్రామసభ చేసిన తీర్మానం సమ్మతం కాకపోతే, దానిపై 60 రోజుల్లోగా సబ్ డివిజన్ స్థాయి కమిటీకి అప్పీలు చేసుకోవచ్చు.

నల్లమలలోని చెంచు పెంటల (గూడేల) వారు తేనె, బంక సేకరించే తావులను జీపీఎస్‌తో ఇదే పద్ధతిలో గుర్తించి, సామూహిక అటవీ వనరుల హక్కు కోరవచ్చు. ఏ పటమైనా గ్రామసభ సమక్షంలో తయారై, దాని నకలు గ్రామసభ వద్ద ఉండడం అత్యవసరం.