గోరుకి కావాల్సింది నీళ్ళు కాదు, నూనె

మన క్లబ్ గ్రూపులో ఈ సంచికకి వ్యాసాలు అడిగినప్పుడు నేను "గోళ్ళ మీద రాస్తా" అన్నాను. నలుగురు నవ్వే బొమ్మలు పెట్టారు. ఒకడైతే "గోళ్ళు కొరకడం తప్ప నీకేం తెలుసురా" అన్నాడు. నిజమే, మెకానికల్ మూడో సంవత్సరం చదివే అబ్బాయికి గోళ్ళ రంగులతో పనేంటి? కానీ నా మాట విని మా అక్క రెండు సెట్ల డబ్బు పోగొట్టుకుంది. అవి ఎందుకు ఊడిపోయాయో తేల్చుకోవడానికి నాకు దాదాపు ఒక సెమిస్టర్ పట్టింది. హాస్టల్లో ఉంటూ జెల్ పాలిష్ వేయించుకుని, పది రోజులకి అంచు లేస్తే క్లాసులో కూర్చుని పళ్ళతో పీకేసుకునేవాళ్ళు ముఖ్యంగా చదవండి.

అక్క అంటే మా పెద్దమ్మ కూతురు. ఉండేది తెనాలిలో. విజయవాడలో కోర్సు చేసి వచ్చి, ఇంటి ముందు గదిలోనే ఒక టేబులూ, యూవీ దీపమూ పెట్టుకుని గోళ్ళు చేస్తుంది. మాది రేపల్లె. నేను చదివేది బాపట్లలో. రేపల్లె నుంచి చెరుకుపల్లి మీదుగా నేరుగా బస్సులున్నాయి. అయినా నేను రైల్లో తెనాలి దాకా వచ్చి, అక్కడ బండి మారి బాపట్ల పోతుంటా. ఆ మధ్యలో అక్క ఇంట్లో భోజనం దొరుకుతుంది, అంతకు మించి కారణం లేదు. ఆ భోజనాల దగ్గరే ఈ గోళ్ళ గొడవ నా చెవిన పడింది.

రేపల్లె నుంచి అక్క దగ్గరికి ఒకావిడ వస్తుంది. అక్కడ కర్రీ పాయింట్ నడుపుతుంది. పొద్దున ఐదింటి నుంచి ఆవిడ చేతులు నీళ్ళలోనే ఉంటాయి. కూరగాయలు కడగాలి, గిన్నెలు తోమాలి, మళ్ళీ పొయ్యి వేడి దగ్గర నిలబడాలి. కూతురి ఓణీల ఫంక్షన్ వస్తోందని ముచ్చటపడి జెల్ ఎక్స్‌టెన్షన్లు పెట్టించుకుంది. నాలుగో రోజుకి రెండు వేళ్ళవి లేచాయి. అదే అక్క, అదే సీసా, అదే దీపం. బాపట్లలో పాఠాలు చెప్పుకునే ఇంకొకావిడకి మాత్రం మూడు వారాలైనా చెక్కుచెదరలేదు. "నా చేతిలోనే ఏదో లోపం ఉందిరా" అని అక్క దిగులు పెట్టుకుంది. ఇంటి దగ్గర పని చేసుకునేవాళ్ళకి ఒక కస్టమర్ మాట పోతే పది మంది పోయినట్టే.

అప్పుడు నేను నా ఇంజనీరింగ్ బయటికి తీశాను. గోళ్ళకి హైడ్రేషన్ ఉంటే జెల్ ఎక్కువ రోజులు నిలుస్తుందని ఎక్కడో చదివాను. హైడ్రేషన్ అంటే నీళ్ళే కదా! "అక్కా, పెట్టేముందు చేతుల్ని గోరువెచ్చని నీళ్ళలో పది నిమిషాలు నానబెట్టు. పేరులోనే గోరు ఉంది చూడు" అని జోకు కూడా వేశాను. పాపం, తమ్ముడు బీటెక్ కదా అని నమ్మింది. ఆవిడకి డబ్బు తీసుకోకుండా మళ్ళీ పెట్టింది. అదే రోజు వచ్చిన ఇంకో అమ్మాయికీ అట్టాగే చేసింది. రెండో రోజుకే ఇద్దరివీ లేచాయి. ఆవిడది నాలుగు రోజుల నుంచి రెండుకి దిగింది. ఇద్దరికీ డబ్బు వెనక్కిచ్చేసి, అక్క నాకు ఫోన్ చేసి అన్న మాటలు ఈ పత్రికలో రాయలేను.

ఇక అసలు సంగతి. గోరు అంటే చచ్చిపోయిన కణాలు పొరలు పొరలుగా అతుక్కుని గట్టిపడిన కెరటిన్ పలక. మందం సుమారు అర మిల్లీమీటరు. చూడ్డానికి గట్టిగా ఉంటుంది గానీ నీటి విషయంలో చాలా లోకువ. చర్మం పైపొరలో కొవ్వు పదార్థాలు 10 శాతం దాకా ఉంటే గోరులో 5 శాతం కూడా ఉండవు. అడ్డుకునే కొవ్వు లేదు కాబట్టి నీళ్ళు తొందరగా లోపలికి పోతాయి, అంతే తొందరగా బయటికి వచ్చేస్తాయి. నీళ్ళు తాగిన గోరు ఉబ్బి మెత్తబడుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. వానాకాలంలో మన ఇంటి తలుపు బిగుసుకుపోయి, వేసవిలో మళ్ళీ వదులవుతుంది చూడండి, అదే కథ.

జెల్ అట్టా కాదు. సీసాలో ఉన్నప్పుడు అది ఎక్రిలేట్ జాతి చిన్న అణువుల చిక్కటి ద్రవం. 365 నుంచి 405 నానోమీటర్ల వెలుగు పడితే అవి ఒకదానితో ఒకటి చేతులు కలిపి నిమిషంలో వలలాగా బిగుసుకుంటాయి. ఆ తర్వాత నీళ్ళు తగిలినా పెద్దగా ఉబ్బదు, ఆరినా పెద్దగా ముడుచుకోదు.

ఇక్కడే నాకు మన ల్యాబులో చూసిన బైమెటల్ స్ట్రిప్ గుర్తొచ్చింది. ఇత్తడినీ ఇనుమునీ అతికించి వేడి చేస్తే ఒకటి ఎక్కువ సాగుతుంది, ఇంకోటి తక్కువ సాగుతుంది, పట్టీ వంగుతుంది. ఇస్త్రీ పెట్టె టక్కుమని ఆగేది దానివల్లే. జెల్ పెట్టిన గోరు కూడా అట్టాంటి పట్టీనే, కాకపోతే వేడికి బదులు తడికి వంగుతుంది. లోహాలైతే గట్టిగా అతికించి ఉంటాయి గనక వంగి ఊరుకుంటాయి. ఇక్కడ అతుకు అంత గట్టిది కాదు. గోరు ఉబ్బినప్పుడల్లా, ఆరినప్పుడల్లా రెంటి మధ్య ఒరిపిడి పుడుతుంది, ముందు అంచు దగ్గర వదులుతుంది, తర్వాత ఆ సందులోంచి నీళ్ళు దూరతాయి. కర్రీ పాయింట్ ఆవిడకి రోజుకి ఇరవై సార్లు ఇదే జరుగుతోంది. మరి నేను చేసిందేంటి? గోరుని ముందే బాగా ఉబ్బబెట్టి, ఆ ఉబ్బిన కొలతకి జెల్ అతికించమన్నాను. రాత్రికి గోరు ఆరి తన అసలు కొలతకి వచ్చేసింది, జెల్ మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. ఇక లేవక ఏం చేస్తుంది?

నమ్మకం కుదరక చిన్న ప్రయోగం చేశాను. కత్తిరించి పడేసిన గోటి ముక్కలు అక్క దగ్గర కొదవ లేదు. కొన్నిటికి ఒక వైపు జెల్ పూసి దీపం కింద పెట్టించాను. నీళ్ళలో వేస్తే కాసేపటికి వంపు మారింది, తీసి ఫ్యాను కింద ఆరబెడితే మళ్ళీ పాత వంపుకి వచ్చింది. ఇట్టా తిప్పుతూ పోతే మూలల్లో పెచ్చు లేచింది. ఇంకొన్ని ముక్కలకి జెల్ గట్టిపడ్డాక అడుగు వైపు రోజూ కొబ్బరినూనె రాసి అదే పని చేశాను. అవీ లేచాయి గానీ బాగా ఆలస్యంగా లేచాయి. రూమ్మేటు నా డబ్బా మూత తీసి చూసి రెండు రోజులు నాతో కలిసి భోంచేయలేదు.

గోరులో మామూలుగా 18 శాతం నీరు ఉంటుందనీ, 16 కంటే తగ్గితే పెళుసవుతుందనీ చాలా పుస్తకాల్లో ఉంటుంది. అయితే 2007లో అమెరికా చర్మవైద్యుల పత్రికలో వచ్చిన కొలతల్లో మామూలు గోళ్ళలోనూ, పెళుసు గోళ్ళలోనూ నీరు దాదాపు ఒకటే, 12 శాతం దగ్గర. ఇది చదివాక నాకు అర్థమైందేంటంటే, గోరులో ఎంత నీరుందన్న దానికంటే ఆ నీరు రోజుకి ఎన్నిసార్లు వచ్చి పోతోందన్నది ముఖ్యం. నూనె గోరుకి నీళ్ళివ్వదు. ఉన్న నీటిని తొందరగా పోనివ్వదు, బయటి నీటిని తొందరగా రానివ్వదు. గోరు విషయంలో హైడ్రేషన్ అంటే ఇదే.

ఏ నూనె అనేది తర్వాతి ప్రశ్న. ఈ రంగంలో అందరూ జొజోబా పేరు చెబుతారు. అది నిజానికి నూనె కాదు, ద్రవంగా ఉండే మైనం. మన చర్మంలో ఊరే జిడ్డులోనూ మైనం జాతి పదార్థాలుంటాయి కాబట్టి చర్మానికి బాగా పడుతుంది. కానీ చిన్న సీసాకే వందలు పెట్టాలి. 2003లో రేలే, మొహిలే అనే ఇద్దరు జుట్టు మీద కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ పోల్చి చూశారు. వెంట్రుక లోపలికి పోయి ప్రోటీన్ నష్టాన్ని తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే. జుట్టూ కెరటినే, గోరూ కెరటినే. రెండూ ఒకటని నేననడం లేదు గానీ, బాత్రూములో సీసా పెట్టుకుని ఆన్‌లైన్లో వెతకడం ఎందుకు? అక్క ఇప్పుడు కొబ్బరినూనెలో కాస్త ఆముదం కలుపుతుంది. ఆముదం ఒక్కటే రాస్తే జిగటగా ఉండి పుస్తకాలకి అంటుకుంటుంది, చెప్తున్నా.

ఎప్పుడు రాయాలన్నది ఇంకా ముఖ్యం. ఇక్కడ నాలాంటివాళ్ళు మళ్ళీ బోల్తా పడతారు. జెల్ పెట్టించుకునే రోజు నూనె ముట్టుకోకూడదు. గోరు మీద జిడ్డు ఉంటే జెల్ పట్టదు. అందుకే పెట్టేముందు అక్క పైన సన్నగా అరగదీసి, జిడ్డూ తడీ పోయే ద్రవం రాస్తుంది. నీళ్ళలో నానబెట్టడం పూర్తిగా మానేసింది. కాబట్టి ముందు వారమంతా రాత్రిళ్ళు నూనె రాసుకోండి, ముందురోజు ఆపేయండి, పెట్టించుకున్న మర్నాటి నుంచి మళ్ళీ మొదలెట్టండి. జెల్ పైన పూసి ప్రయోజనం లేదు, అందులోంచి దిగదు. గోరు మొదట్లో చర్మం కలిసే మడత దగ్గర ఒక చుక్క, గోటి కొన కింద ఒక చుక్క వేసి రుద్దాలి. కింది వైపు చాలామంది మర్చిపోతారు. నీళ్ళు ఎక్కువగా దూరేది అక్కడే. అంట్లు తోమేటప్పుడు, బట్టలు ఉతికేటప్పుడు రబ్బరు గ్లవ్స్ వేసుకోండి. డిటర్జెంటు గోరులో ఉన్న కాస్త కొవ్వునీ ఊడ్చేస్తుంది. ఎసిటోనుదీ అదే పని. తీయించుకున్న రోజు చేతులు కడిగి ఆరగానే నూనె పెట్టాలి.

పళ్ళతో పీకేవాళ్ళకి ఒక మాట. జెల్ ఒక్కటే రాదు, గోటి పైపొర కూడా దానితో వస్తుంది. గోరు నెలకి సుమారు 3 మిల్లీమీటర్లే పెరుగుతుంది. పాడైన చోటు మొదటి నుంచి కొన దాకా వెళ్ళి కత్తెరకి దొరకాలంటే ఆరు నెలలు. ఒక సెమిస్టరంతా పలచబడ్డ గోటితో తిరగాలి. లేచిన జెల్ కింద గమ్ము వేసి అతికించుకునే తెలివి అసలే వద్దు. ఆ సందులో తడి నిలబడితే సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా చేరి గోరు ఆకుపచ్చగా మారుతుంది. గోటి చుట్టూ దురద, ఎరుపు, చిన్న పొక్కులు వస్తే అది ఎక్రిలేట్ పడకపోవడం కావచ్చు, దానికి నూనె మందు కాదు. జెల్ తీయించేసి చర్మ డాక్టరుకి చూపించుకోవాలి.

ఇదంతా ఇంట్లో చెబుతుంటే మా నాయనమ్మ మధ్యలో అందుకుంది. "ఆషాఢంలో మేం పెట్టుకున్న గోరింటాకు ఎప్పుడన్నా లేచిందంట్రా?" నాకు జవాబు దొరకలేదు. గోరింటాకులోని లాసోన్ అనే రంగు పైన పొరలా కూర్చోదు, కెరటిన్‌కే అతుక్కుంటుంది. గోరు ఉబ్బితే రంగూ దానితోనే ఉబ్బుతుంది, ముడుచుకుంటే ముడుచుకుంటుంది. లేవడానికి అక్కడ వేరే పొరే లేదు. గోరు పెరిగిన కొద్దీ ముందుకి జరిగి కత్తిరింపులో పోతుంది, అంతే. పైగా కింద తెల్లగా ఎంత మిగిలిందో చూసి గోరు ఎంత పెరిగిందో కొలుచుకోవచ్చు. నేను నాయనమ్మ వేలి మీద స్కేలు పెట్టి కొలిచాను కూడా.

కర్రీ పాయింట్ ఆవిడని మళ్ళీ రమ్మనడానికి అక్కకి మొహం చెల్లలేదు. నేనే రేపల్లెలో కూర కొనుక్కునే నెపంతో వెళ్ళి అంతా చెప్పాను. "నీళ్ళలో నానబెట్టమన్న బాబువి నువ్వేనా?" అంది. అవునన్నాను. నూనె రాసుకుంటానంది గానీ గ్లవ్స్‌కి ఒప్పుకోలేదు. "అవేసుకుంటే గిన్నెకి జిడ్డు పోయిందో లేదో చేతికెట్టా తెలుస్తుంది?" అని నన్నే అడిగింది. ఆ ప్రశ్నకీ నా దగ్గర జవాబు లేదు. వారం నూనె రాసుకుని, ఓణీలకి రెండు రోజుల ముందు వచ్చి పొట్టిగా పెట్టించుకుంది. పొడవు తగ్గితే అంచు మీద పడే బలమూ తగ్గుతుంది, ఆ సలహా అక్కదే. పదమూడు రోజులు నిలిచాయి. లెక్చరర్ గారిలా మూడు వారాలు కాదు గానీ, ఓణీలు అయ్యాయి, ఫొటోలు అయ్యాయి, చుట్టాలూ వెళ్ళిపోయారు.

ఇప్పుడు అక్క ప్రతి కస్టమర్‌కీ ఒక చిన్న డ్రాపర్ సీసాలో నూనె పోసి ఇస్తోంది, దానికి ముప్పై రూపాయలు తీసుకుంటోంది. మొన్న తెనాలిలో దిగినప్పుడు అందులో నా వాటా ఏదని అడిగాను. "ఆ రెండు సెట్ల బాకీ తీరనీ, అప్పుడు చూద్దాం" అంటూ పప్పుచారు వడ్డించింది.