సున్నం వేసే ముందు: పొగచూరిన ఇల్లు, బీమా హక్కు



ఎవరి ఇల్లయినా అంటుకుందన్న కబురు అందితే మన బాన్సువాడలో జనం ఆగరు. ఒకరు బియ్యం బస్తా పంపుతారు, ఒకరు దుప్పట్లు తెస్తారు, ఇంకొకరు పేరు చెప్పకుండా చేతిలో డబ్బు పెట్టి వెళ్లిపోతారు. ఈ గుణం అల్లాహ్ మనకిచ్చిన వరం. అయితే అదే తొందరలో మేము చేసిన ఒక పొరపాటును దాతల ముందు ఉంచడం మా బాధ్యత.

బీడీలు చుట్టి బతికే ఒక సోదరి ఇంట్లో గ్యాస్ పైపు లీకై వంటగది అంటుకుంది. అల్‌హమ్దులిల్లాహ్, ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదు. మంట వంటగదిలోనే ఆరింది గానీ పొగ ఇల్లంతా కమ్మింది. మర్నాడే మేము సున్నానికీ కూలీలకూ డబ్బులిచ్చి గోడలు తెల్లగా చేయించాము. కాలిన పైపు, రెగ్యులేటర్, మసిపట్టిన పరుపులు చెత్తబండి ఎక్కాయి. గ్యాస్ ప్రమాదానికి బీమా ఉంటుందని నెల దాటాక తెలిసింది. అప్పటికి చూపించడానికి ఫొటో లేదు, పైపు లేదు, ఒక్క కాగితం లేదు. మేము చేసిన సాయం కన్నా మేము చెరిపేసిన ఆధారం విలువే ఎక్కువ. అందుకే ఈ పాఠం.

పొగ చేసే నష్టం

మంట ఒక గదిలో ఆగినా పొగ ఆగదు. వేడిపొగ సందు దొరికిన చోటల్లా దూరి, చల్లటి గోడకో ఇనుముకో తగలగానే మసిగా దిగుతుంది. మూసిన బీరువాలో బట్టలు కూడా నల్లబడేది ఇందుకే. ప్లాస్టిక్, కరెంటు వైర్లు కాలినప్పుడు వచ్చే పొగకు ఆమ్లగుణం ఉంటుంది. అది తేమతో కలిసి ఫ్యాను, ఫ్రిజ్, స్విచ్ బోర్డుల్లోని లోహాన్ని తినేస్తుంది. కాబట్టి ఎలక్ట్రీషియన్ చూసేదాకా ఏదీ ఆన్ చేయకూడదు. పొగవాసన పట్టిన పిండి, బియ్యం తినకూడదు.

అన్నిటికన్నా ముందు ప్రాణం. 2025 మే 18న హైదరాబాద్ గుల్జార్‌హౌజ్‌ అగ్నిప్రమాదంలో 17 మంది చనిపోయారు. వారిలో చాలామంది పొగకు ఊపిరాడకనే కన్నుమూశారు. ఇల్లు పూర్తిగా గాలాడేదాకా సామాను కోసం లోపలికి వెళ్లకండి.

ఏ బీమా ఉంది?

మొదటిది గ్యాస్ కనెక్షన్‌తో వచ్చేది. ఇండియన్ ఆయిల్, భారత్ పెట్రోలియం, హిందుస్థాన్ పెట్రోలియం సంస్థలు తమ నమోదిత వినియోగదారుల కోసం బీమా చేయించి ఉంచుతాయి. వినియోగదారుడు విడిగా ప్రీమియం కట్టనక్కరలేదు. ప్రమాదానికి అసలు కారణం గ్యాసే అయితే, ప్రాణం పోయిన ఒక్కొక్కరికి 6 లక్షలు, చికిత్సకు ఒక్కొక్కరికి 2 లక్షల వరకు, నమోదైన చిరునామాలోని ఇంటికీ సామానుకూ జరిగిన నష్టానికి 2 లక్షల వరకు పరిహారం ఉంటుంది. ఇల్లు మారినవారు గ్యాస్ పుస్తకంలో చిరునామా మార్పించుకోవాలనేది ఇందుకే.

రెండోది ఇంటి బీమా. 2021 ఏప్రిల్ 1 నుంచి ‘భారత్ గృహ రక్ష’ అనే పాలసీ అమల్లో ఉంది. ఇంటి నిర్మాణానికి ఎంత మొత్తానికి బీమా చేస్తే, అందులో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు సామానుకు దానంతట అదే వర్తిస్తుంది. అద్దెకుండేవారు సామానుకు మాత్రమే తీసుకోవచ్చు. నగలకు మాత్రం విడిగా అడగాలి. అగ్నిప్రమాదం వల్ల పట్టిన పొగ, మసి కూడా ఆ ప్రమాద నష్టంలో భాగమే. ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి వల్ల గోడ నల్లబడితే అది ప్రమాదం కాదు, దానికి పరిహారం రాదు.

మూడోది, బ్యాంకు రుణంతో కట్టిన ఇళ్లకు రుణంతోపాటు చేయించిన పాలసీ. ఇది ఉన్నట్టు చాలామందికి గుర్తే ఉండదు. రుణం కాగితాలు ఒకసారి తీసి చూడండి.

ప్రీమియం కట్టే బీమా విషయంలో వడ్డీ గురించి సందేహం ఉన్నవారు తమ ఆలిమ్‌ను అడిగి నిర్ణయించుకోవాలి. ఇక్కడ మేము తీర్పు చెప్పడం లేదు. ఇప్పటికే ఉన్న హక్కు తెలియక పోగొట్టుకోవద్దన్నదే మా మాట.

మొదటి రెండు రోజుల్లో

1. ప్రతి గదినీ, కప్పునూ, బీరువా లోపలినీ ఫొటోలు, వీడియో తీయండి. కాలని గదుల్లోని మసిని కూడా వదలకండి.
2. కాలిన పైపు, రెగ్యులేటర్, పాడైన సామాను సర్వేయర్ చూసేదాకా ఒక మూల ఉంచండి. తడిసినవి ఫొటో తీశాక ఆరబెట్టండి. నష్టం పెరగకుండా చూడటం కూడా మన బాధ్యతే.
3. గ్యాస్ డీలరుకు, బీమా కంపెనీకి వెంటనే రాసివ్వండి. అందినట్టు సంతకం, తేదీ ఉన్న నకలు దాచండి.
4. పోలీసు ఫిర్యాదు నకలు, ఫైర్ స్టేషన్ నివేదిక, తహసీల్దార్ కార్యాలయం చేసిన పంచనామా తెచ్చుకోండి.
5. సామాను జాబితా రాయండి: ఏ వస్తువు, ఎప్పుడు కొన్నది, ఎంతకు కొన్నది. రసీదు లేకపోతే పండుగనాడు ఇంట్లో దిగిన ఫొటోలో ఫ్రిజ్ కనబడినా అది ఆధారమే.
6. రంగులు, వైరింగ్, శుభ్రం చేయడానికి అయ్యే ఖర్చును మేస్త్రీతో, ఎలక్ట్రీషియన్‌తో రాయించండి.

సర్వేయర్ చూసి వెళ్లాకే శుభ్రం చేయడం మొదలుపెట్టాలి. ముందు పొడి గుడ్డతో మెల్లగా మసి దులపాలి. తడిగుడ్డ పెడితే మసి గోడలోకి ఇంకుతుంది. ముక్కుకు మాస్కు ఉండాలి.

కంపెనీ కాదంటే

ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. తిరస్కరించినా, నెలలో జవాబు రాకపోయినా ఏడాదిలోపు హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కరలేదు. బీమా నియంత్రణ సంస్థ సహాయ నంబరు 155255.

దాతలకు మా విన్నపం

ఇకమీదట ఇల్లు కాలిన చోటికి మొదటి రోజు మన నుంచి అన్నం, బట్టలు, తల దాచుకునే చోటు వెళ్లాలి. సున్నం తర్వాత. ప్రతి మొహల్లాలో ఫొటో తీసి, దరఖాస్తు నింపి, ఆ కుటుంబంతో కలిసి కార్యాలయానికి వెళ్లే యువకుడు ఒక్కరైనా తయారవ్వాలి. ఆ ఒక్క పూట కూడా సదఖాయే. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసి పెట్టుకోమని ఖుర్ఆన్ (2:282) విశ్వాసులను ఆదేశించింది. ఒకరి హక్కును కాగితం మీద నిలబెట్టడం మన దీన్‌కు కొత్త కాదు.

ఆ సోదరి ఇప్పటికీ మమ్మల్ని చూస్తే దుఆ చేస్తుంది. ఆమె చేజారిన ఆ సొమ్ము మాత్రం మాకు గుర్తొస్తూనే ఉంటుంది. మరో ఇంటికి అలా జరగకుండా అల్లాహ్ మనకు తెలివినీ ఓపికనూ ప్రసాదించుగాక. ఆమీన్.