రెండు బకెట్ల వృత్తి

కృష్ణాతీరమందలి తోట్లవల్లూరులో కార్లను కడిగి మెరుగుపెట్టు వృత్తి నారంభింపగోరు యువకుడు తొలుతనే పెద్ద యంత్రములు కొననక్కరలేదు. రెండు బకెట్లు, మెత్తని మైక్రోఫైబరు గుడ్డలు, కారు షాంపూ, మైనము, నీడగల స్థలము చాలును. 2015లో ఆరంభమైన ముద్రా పథకమున ‘శిశు’ ఋణము పూచీకత్తు లేకయే 50,000 రూపాయల వరకు లభించును.

రెండు బకెట్లేల? ఒకటి సబ్బునీటికి, రెండవది మంచినీటికి. తుడిచిన గుడ్డను ప్రతిసారియు మంచినీట జాడించి, పిదపనే సబ్బునీట ముంపవలెను. లేనిచో గుడ్డ కంటిన ఇసుకరేణువులు కారురంగుపై గీతలు గీయును. ఎండలో కడిగినచో సబ్బు ఆరి మరకలు పడును.

మురికినీటిని కాలువలోనికి వదలరాదు. దిగువ గ్రామములవారు ఆ నీటినే చెరువులకు పెట్టుకొని త్రాగుదురు. పొరపాటున గీత పడినచో దాచక కారు యజమానితో చెప్పి, సరిచేసి యీయవలెను. బాలలారా! గీతను మైనము కప్పవచ్చును గాని, పోయిన నమ్మకమును మరల తేజాలదు.